నీడ పరిశీలించినవారు

బడి మేడ మీదికి వెళ్ళే తలుపు తాళంచెవి కరెంటాయన మొలకి వేలాడే గుత్తిలో ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది. ఆ బుధవారం పొద్దున ఆ తాళం తియ్యడానికి అతనికి మామూలుకంటే చాలాసేపు పట్టింది. మొరాయించింది తాళం కాదు, అతనే. వెనక మెట్ల మీద తోడల్లుడు భుజాన ఇనప చట్రం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ బరువు వాడు ఇంకో నిమిషం మోస్తే తన సొమ్మేం పోయిందని కరెంటాయన ఉద్దేశం.

"తుప్పు పట్టిందా అన్నయ్యా? చుక్క నూనె వెయ్యమంటారా?" అన్నాడు తోడల్లుడు. వాడి గొంతులో ఆయాసం తప్ప ఇంకేమీ లేదు.

"తుప్పూ లేదు గిప్పూ లేదు. దీనికి నా చెయ్యే అలవాటు."

తలుపు తెరుచుకోగానే ఎండ మొహాన కొట్టింది. తోడల్లుడు చట్రం దించి, భుజం రుద్దుకుని, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పునంతా ఈ చివర్నించి ఆ చివరిదాకా చూశాడు. చూసి నవ్వాడు.

"ఎంత మంచి ఎండ అన్నయ్యా!"

ఎండని చూసి నవ్వే మనిషిని కరెంటాయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒళ్ళు మండింది. ఇద్దరూ అక్కచెల్లెళ్ళని చేసుకున్నారు, అక్కని తను, చెల్లెల్ని వీడు. మొన్నమొన్నటిదాకా ఫ్యాన్లమ్మే కొట్లో నిచ్చెనెక్కి డబ్బాలు దించేవాడు. ఎక్కడో ఆరు నెలలు నేర్చుకుని వచ్చాడు, ఇప్పుడు ఏ మేడ మీద చూసినా వాడు బిగించిన సోలార్ పలకలే. అక్కడితో ఆగినా బాగుండేది. తిరిగి తిరిగి ఈ బడికే రావాలా? పద్నాలుగు గదుల బడి ఇది. ప్రతి స్విచ్చూ కరెంటాయన చేత్తో బిగించిందే. ఏ బోర్డు వెనక ఏ వైరు ఏ రంగుదో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

ఇద్దరు పనివాళ్ళు మిగతా చట్రాలు ఒక్కొక్కటే పైకి చేరవేస్తున్నారు. తోడల్లుడు టేపు పట్టుకుని కొలతలు తీసి, సుద్దముక్కతో నేల మీద చుక్కలు పెట్టుకుంటూ పడమటి పిట్టగోడ దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, గోడకవతల ప్రింటింగు ప్రెస్సువాళ్ళ మేడనీ, దాని నెత్తిన నాలుగు స్తంభాల మీద కూర్చున్న నీళ్ళ ట్యాంకునీ చూశాడు.

"అన్నయ్యా, ఒక్కమాట. ఈ పలకలన్నీ వరసగా ఒకదానికొకటి కలుపుతాం. ఏ ఒక్కదాని మీద నీడ పడినా వరస మొత్తం నీరసపడిపోతుంది. మీరు ఏడాది పొడుగునా ఈ కప్పు మీద తిరిగిన మనిషి. ఈ వైపు ఎప్పుడైనా నీడ పడుతుందా?"

పడుతుంది. పడకేం, నిక్షేపంలా పడుతుంది. చలికాలం రెండు నెలలూ మధ్యాహ్నం భోజనం కరెంటాయన ఇక్కడే చేస్తాడు. పాత స్టూలొకటి వేసుకుని ఎండలో కూర్చుంటాడు. రెండు దాటిందంటే ఆ ట్యాంకు నీడ పిట్టగోడ దాటి ఇటు దిగుతుంది. అతను స్టూలు జరుపుకుంటాడు. నీడ మళ్ళీ పాదాల దగ్గరికి వస్తుంది, మళ్ళీ జరుపుకుంటాడు. క్యారేజీ ఖాళీ అయ్యేలోపు నాలుగుసార్లు జరగాలి. ఇప్పుడు ఎండాకాలం ముంగిట్లో సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు కాబట్టి ఆ నీడ ప్రెస్సువాళ్ళ మేడ మీదే ముడుచుకుని పడుకుంది. ఈ సంగతి ఈ బడిలో తెలిసినవాడు అతనొక్కడే.

చెబుదామనే నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కింద ఆవరణలోంచి పెద్దమేడం తలెత్తి, "ఏమండీ ఇంజనీరు గారూ, అంతా బాగుందా?" అని కేకేసింది. ఇంజనీరు గారట! ఇరవై ఏళ్ళలో తనని ఆవిడ "ఏమయ్యా కరెంటూ" తప్ప ఇంకో మాట అన్న పాపాన పోలేదు.

"ఏ నీడా పడదు," అన్నాడు కరెంటాయన తోడల్లుడితో. "రోజంతా ఎండే."

తోడల్లుడు ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తర్వాత "సరే అన్నయ్యా" అని సుద్దముక్క చెవి వెనక పెట్టుకుని టేపు చుట్టుకున్నాడు.

మెట్లు దిగుతుంటే కరెంటాయనకి ఎన్నాళ్ళకో ఆకలి బాగా వేసింది.

ఆ ఆకలి వెయ్యడానికి కారణం ఉంది. సోలార్ వచ్చాక బడిలో కరెంటు పనంతా, కింద స్విచ్చుల్నించి మీద పలకల దాకా, ఒక్కరి చేతికే ఇస్తానని పెద్దమేడం వారం క్రితమే చెప్పింది. ఇద్దరు చూస్తే ఎవరూ చూడనట్టేనని ఆవిడ లెక్క. ఎవరికన్నది శుక్రవారం పని పూర్తయ్యాక చెప్తానంది. ఎవరికిస్తుందో చెప్పడానికి జోస్యం రానక్కర్లేదు. కానీ చలికాలం రానీ. మధ్యాహ్నం రెండయ్యేసరికి కంప్యూటర్లు ఒక్కొక్కటే కళ్ళు మూస్తాయి, మోటారు మూలుగుతుంది, ఇంజనీరు గారు తల గోక్కుంటూ కప్పు మీద తిరుగుతారు. అప్పుడు పెద్దమేడం ఎవరి కోసం కబురు పెడుతుంది? ఆ రోజు స్టూలు మీద కూర్చుని, తాపీగా వేలు చూపిస్తే చాలు.

సాయంత్రం ఏడింటికి వీధిలో కరెంటు పోయింది. రోజూ పోయేదే. కరెంటాయన ఇంట్లో కరెంటు లేకపోవడం గురించి వీధిలో ఒక జోకు ఉంది, అది అతని ముందు ఎవరూ అనరు. భార్య తడుముకుంటూ ఛార్జింగు లైటు తెచ్చి గోడకి తగిలించింది. దాని వెలుగు దానికే చాలడం లేదు. కూతురు పుస్తకాలు సంచిలో సర్దుకుని చెప్పులు వెతుక్కుంటోంది. పరీక్షలు ఇరవై రోజుల్లో ఉన్నాయి.

"ఎక్కడికి?" అన్నాడు తెలిసే.

"పిన్ని వాళ్ళింటికి నాన్నా."

"రోజూ వాళ్ళింటికెళ్ళి పడి ఉండటమేంటి? ఇక్కడ చదవలేవా? మేమంతా గుడ్డిదీపం ముందు కూర్చుని చదవలేదా?"

"చదివారు కదా," అంది భార్య, గిన్నె తోముతూ. "చదివే ఏడో తరగతి రెండుసార్లు తప్పారు."

కూతురు నవ్వాపుకోలేక వీధిలోకి పరిగెత్తింది. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. రెండు వీధుల అవతల, చీకటి మేడల మధ్య, ఒక్క ఇంటి కిటికీలు మాత్రం వెలుగుతున్నాయి. అటే చూస్తూ అంది:

"మా చెల్లెలు రాత్రి పూట కూడా గ్రైండరు వేసుకుంటోందిట. పిల్లాడు ఉక్కపోసి లేవడం మానేశాడట. పైగా అదేమంటుందో తెలుసా, కరెంటు పోయిన సంగతి పక్కింటివాళ్ళు చెప్తేగానీ తెలియడం లేదే అక్కా అంటుంది."

"ఎంత పొగరు!"

"పొగరు కాదండీ. నిజంగానే తెలియడం లేదు దానికి." ఆవిడ నిట్టూర్చింది. "కరెంటు పనివాణ్ణి చేసుకున్నానని పెళ్ళప్పుడు నేను ఎంత మురిసిపోయానో!"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కరెంటాయన విసనకర్ర అందుకుని గట్టిగా విసురుకున్నాడు. అయినా లోపల పొద్దున్నించీ ఒక చల్లటి సంగతి దాచుకున్నాడు కాబట్టి, మరీ మంట పుట్టలేదు. రానీ చలికాలం, అనుకున్నాడు.

గురువారం పలకలు పైకెక్కాయి. మొత్తం పదహారు. ఒక్కొక్కదాన్నీ ఇద్దరు మనుషులు నిలువుగా పట్టుకుని, మెట్ల మలుపుల దగ్గర చంటిపిల్లని మోసినట్టు మోసుకొచ్చారు. తోడల్లుడు ప్రతి పలకనీ చట్రం మీద ఆనించి, అంచు కంటికి సరిచూసుకుని, నాలుగు మూలలా బోల్టులు వేళ్ళతోనే సగం తిప్పి, ఆ తర్వాత స్పానరు పట్టేవాడు. బిగించాక బొటనవేలితో బోల్టు నెత్తిన ఒకసారి నొక్కేవాడు. ఆ పద్ధతి కరెంటాయనకి తెలుసు. పని తెలిసినవాడి పద్ధతి అది. చూసీ చూడనట్టు చూశాడు, ఎక్కడైనా ఒక్క బోల్టు వంకరగా దొరక్కపోతుందా అని. దొరకలేదు. అతని మధ్యాహ్నం పాడైపోయింది.

అతనికి అప్పజెప్పిన పని కింద మెయిన్ బోర్డు దగ్గర, మేడ మీద నుంచి దిగే కేబులుకి దారి చెయ్యడం. గోడకి కన్నం వేసి, గొట్టం దించి, ఇన్వర్టరు పెట్టే గదిలో బ్యాటరీల బల్ల సరిచేశాడు. విరామం గంట కొట్టగానే పిల్లలు మూగారు.

"తాతా, తాతా, ఆ పెట్టెలో ఏముంటుంది?"

కరెంటాయన చుట్టూ చూశాడు. ఇక్కడ తాతెవరా అని. తననే. కిందటేడాది దాకా "కరెంటు మామ" అనేవాళ్ళు. నెత్తిన నాలుగు వెంట్రుకలు నెరిసేసరికి తాతని చేసేశారు. ఇంతలో తోడల్లుడు మెట్లు దిగివచ్చాడు.

"సార్! సోలార్ సార్! మా గదిలో ఫ్యాను తిరుగుతుందా సార్?"

వాడికీ తనకీ ఏడేళ్ళే తేడా. వాడు సారు, తను తాత. వాడేమో మోకాళ్ళ మీద వంగి, వాళ్ళ నోట్సు వెనకట్ట మీద సూర్యుడి బొమ్మ వేసి, పలక వేసి, బ్యాటరీ వేసి, ఫ్యాను వేసి, బాణం గుర్తులతో కలుపుతూ చెప్తున్నాడు. ఒక పిల్ల ఆ బొమ్మ కింద వాడి చేత సంతకం కూడా పెట్టించుకుంది. కరెంటాయన సుత్తి తీసుకుని అవసరం లేని చోట గోడ మీద నాలుగు దెబ్బలు కొట్టాడు.

రెండున్నరకి కరెంటు పోయింది. పద్నాలుగు గదుల్లోంచీ ఒక్కసారిగా "పోయిందోయ్!" అని కేక లేచింది. ఆ కేకంటే కరెంటాయనకి ప్రాణం. ఇరవై ఏళ్ళుగా ఆ కేక వినబడగానే అందరూ తనకోసమే చూస్తారు. కరెంటాఫీసుకి ఫోను చేసేదీ, ఫ్యూజేమో అని బోర్డు తెరిచేదీ అతనే. కరెంటు తిరిగొచ్చాక "వచ్చిందోయ్!" అని ఇంకో కేక. ఆ రెండో కేక అచ్చంగా తనకే అన్నట్టు అతను తల పంకిస్తాడు.

ఫోను చేస్తూ చివరి గది దాకా నడిచాడు. ఆ గదికి రేకుల కప్పు. ఐదో తరగతి పిల్లలు బల్లల మీద తలలు వాల్చేశారు. పంతులమ్మ కాగితం అట్టతో మొదటి బల్లకి విసురుతూ, అలాగే లెక్క చెప్తోంది. ఆవిడ జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది.

"ఎంతసేపండీ?" అని అడిగింది ఆవిడ.

"గంట అంటున్నారు."

"ఇంకొక్క రోజేలెండి," అంది ఆవిడ, ఓపిక తెచ్చుకుని. "రేపట్నించి సోలారు వచ్చేస్తుందిగా. పిల్లలు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు."

కరెంటాయన మేడ మెట్ల వైపు చూశాడు. చెప్పేస్తే? పలకలు బిగించారు కానీ వైర్లు ఇంకా కలపలేదు. ఇప్పుడైనా మించిపోలేదు. మేడ మెట్లు నాలుగెక్కాడు కూడా. ఎక్కి, చలికాలంలో ఈ పిల్లలకి ఫ్యాన్లెందుకు అనుకున్నాడు. నీడ పడేది చలికాలంలోనే కదా, అప్పుడు ఎవరికి ఉక్కపోస్తుంది? మరి కంప్యూటర్లో? రోజూ కంప్యూటరు ముట్టుకోకపోతే చదువు రాదా? తన కాలంలో వచ్చింది కాదూ? రాలేదనుకో, అది వేరే సంగతి. ఇలా తనకి తనే వకీలై వాదించుకుని, తనకి తనే జడ్జీ అయి తీర్పిచ్చుకుని, నాలుగు మెట్లూ దిగిపోయాడు.

ఆ సాయంత్రం భార్య అతన్ని కూతుర్ని తీసుకురమ్మని పంపింది. వీధి దీపాలు లేవని, పిల్ల ఒక్కతే రాలేదని. తోడల్లుడి గుమ్మం తొక్కి అతనికి ఆర్నెల్లు దాటింది. ఇంటిమీద పలకలు పెట్టిన రోజు అందరూ వెళ్ళారు, అతను తలనొప్పని పడుకున్నాడు.

మరదలు తలుపు తీసి, "రండి బావగారూ, దారి తెలిసిందన్నమాట," అని నవ్వుతూ నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. ఆయన రాలేదింకా, పనివాళ్ళని దింపడానికి వెళ్ళారు అంది. గదంతా తెల్లటి వెలుగు. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. మూల ఫ్రిజ్జు చిన్నగా గుర్రుపెడుతోంది. వీధంతా చీకట్లో మగ్గుతుంటే ఇక్కడ దోమ కూడా బల్బు దగ్గర హాయిగా ఎగురుతోంది. కరెంటాయన నీళ్ళు తాగాడు. చల్లగా ఉన్నాయి. అదీ బాధే.

కూతురు పెద్ద బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేస్తోంది. చెమట పట్టని మొహంతో, కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ముడుచుకుని, తన ఇంట్లో ఉన్నంత ధీమాగా ఉంది. తన ఇంట్లో పిల్ల ఇలా కూర్చోగా అతను చూసి ఎన్నాళ్ళయిందో గుర్తురాలేదు. ఈ వెలుగు తను ఇవ్వలేకపోయాడు. వాడిచ్చాడు. అసలు మంట అక్కడ పుట్టింది.

"ఒక్క లెక్క ఉంది నాన్నా, కూర్చో." ఆమె మోచేతి కింద ఒక పెద్ద కాగితం పరిచి ఉంది. "ఇది చూశావా? మన బడి! బాబాయి గీశాడు."

బడి కప్పే. పదహారు పలకలకి పదహారు గళ్ళు. మెట్ల తలుపు, పిట్టగోడ, నీళ్ళ గొట్టం, అన్నీ కొలతలతో ఉన్నాయి. పడమటి వైపు, నాలుగు గళ్ళని కోసుకుంటూ, ఎర్ర పెన్సిలుతో వంపు తిరిగిన గీత ఒకటి.

"ఇదేంటి?" అన్నాడు.

"నీడ నాన్నా. ప్రెస్సువాళ్ళ ట్యాంకుది. చలికాలంలో ఇక్కడిదాకా వస్తుందిట. ఫోన్లో ఏ నెలలో సూర్యుడు ఎక్కడుంటాడో చూపిస్తుంది, దాన్ని బట్టి గీశాడు. ఇదిగో, రెండింటికి ఇక్కడ, మూడింటికి ఇక్కడ." పిల్ల పెన్సిలు మొనతో చూపించింది. "అందుకే ఈ నాలుగు పలకల్నీ వేరే వరసగా కలుపుతాట్ట. నీడ పడినా మిగతా పన్నెండూ ఆగవు. ఎంత తెలివి కదా?"

రెండింటి దగ్గరున్న గుర్తు, అతను స్టూలు మొదటిసారి జరిపే చోటే. మూడింటి గుర్తు, మూడోసారి జరిపే చోటు. జానెడు తేడా కూడా లేదు.

కాగితం అడుగున తేదీ వేసి ఉంది. కిందటి ఆదివారం.

ఆదివారం! వాడు తనని అడిగింది బుధవారం. అంటే అడిగే వేళకే వాడికి నీడ సంగతి తెలుసు. "ఏ నీడా పడదు, రోజంతా ఎండే" అని తను చెప్పినప్పుడు, అది అబద్ధమని తెలిసే వాడు తన మొహంలోకి చూశాడు. తెలిసే "సరే అన్నయ్యా" అన్నాడు. రెండు రోజుల్నించీ తెలిసే నిచ్చెన పట్టుకోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు, అన్నయ్యా అన్నయ్యా అని పిలిచాడు.

కరెంటాయన లేచి నిలబడ్డాడు. తేలు కుట్టిన దొంగకి కనీసం మూలగకూడదన్న జ్ఞానం ఉంటుంది. అతను పైకే "అమ్మా" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదు. నడుం పట్టింది. పద."

దారంతా పిల్ల కబుర్లు చెప్తూనే ఉంది. అతనికి ఒక్కటీ చెవికెక్కలేదు. తెలిసీ ఎందుకడిగాడు? నా బుద్ధి బయటపడాలనా? పెద్దమేడంతో చెప్పి నవ్వుకోవడానికా? ఎన్ని రకాలుగా తిప్పినా ఆ ప్రశ్న విప్పలేకపోయాడు. ఇంటికెళ్ళి ఆకలి లేదని పడుకున్నాడు. భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూసి, జ్వరమేం లేదే అంది.

శుక్రవారం పొద్దున అతను అందరికంటే ముందు మేడ మీదికి చేరాడు. తోడల్లుడు వచ్చి పలకల కింద దూరి, వెల్లకిలా పడుకుని వైర్లు కలుపుతున్నాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. మొహం కనబడకపోవడమే మంచిదనిపించింది కరెంటాయనకి. ఆ కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"నిన్న మీ ఇంటికొచ్చాను."

"చెప్పింది అన్నయ్యా."

"నీ కాగితం చూశాను. ఎర్ర గీత చూశాను."

చట్రం కింద చప్పుడాగిపోయింది.

"తెలిసీ ఎందుకడిగావయ్యా? నా నోట అబద్ధం వినడానికా?"

"నిజం వినడానికే అడిగాను అన్నయ్యా." తోడల్లుడు పలక కిందనించే జవాబిచ్చాడు. "మీరు చెప్తారనుకున్నా. చెప్తే పెద్దమేడంతో అందామనుకున్నా, ఈ కప్పు సంగతి అన్నయ్యకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు, ఆయన చెప్పబట్టే నాలుగు పలకలు విడదీశాను, లేకపోతే పనంతా చెడేది, చూసుకునే పని ఆయనకే ఇవ్వండీ అని. నేను చెప్తే ఆవిడ వింటుంది. నాకు చేతినిండా పనుంది. ఈ బడి మీదే కదా, మీకే ఉండాలని..."

కాళ్ళు రెండూ కదిలాయి, తోడల్లుడు పాక్కుంటూ బయటికొచ్చాడు. చేతులు రెండూ అతుకులకి పూసే నల్లటి జిగురుతో మోచేతులదాకా నల్లబడి ఉన్నాయి. అతని మొహంలో కోపం ఉంటుందేమోనని కరెంటాయన వెతికాడు. ఉంటే ఎంత బాగుండేది! ఇద్దరూ నాలుగు మాటలు అనుకుని లెక్క సరిచేసుకునేవాళ్ళు. లేదు. మొహమాటపడుతున్నది కూడా వాడే.

"ఇప్పుడు మాత్రం మించిపోయిందేముంది?" అన్నాడు తోడల్లుడు గొంతు తగ్గించి. "మీరే చెప్పారని చెప్తాను. మన ఇద్దరికీ తప్ప ఎవరికి తెలుస్తుంది?"

వాడు చెడ్డవాడైనా బాగుండేదని కరెంటాయన మనసారా అనుకున్నాడు. పని తెలిసినవాణ్ణి చూసి ఏడవచ్చు, డబ్బున్నవాణ్ణి చూసి ఏడవచ్చు. ఇంత మంచివాణ్ణి చూసి ఏడవడం మాత్రం చెప్పుకోడానికి కూడా వీల్లేని ఏడుపు. ఆ మంచితనం మీద కూడా అతనికి కుళ్ళే పుట్టింది. తనకెందుకు లేదది?

మధ్యాహ్నానికి వైర్లన్నీ కలిశాయి. కింద ఇన్వర్టరు మీద పచ్చదీపం వెలిగింది. తోడల్లుడు కేబులుని గొట్టంలోకి దూర్చి జిగురు పూస్తుండగా, ప్రెస్సులో యంత్రాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. పొద్దున్నించీ చెవుల్లో ఉన్న ఆ డబడబ లేకపోయేసరికి కరెంటాయన తలెత్తాడు. వీధికి కరెంటు పోయింది. అలవాటు చొప్పున ఫోను బయటికి తీసి, కేక కోసం చూశాడు.

కేక రాలేదు.

పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి విన్నాడు. ఏదో గదిలో పద్యం అప్పజెప్తున్నారు. ఇంకో గదిలో పంతులుగారు ఎవరినో నిలబడమంటున్నారు. చివరి గదిలో ఐదో తరగతి పిల్లలు ఎక్కం చదువుతున్నారు, ఎక్కడా ఆగకుండా. రేకుల కప్పు కింద ఫ్యాను గాలికి గోడ మీది పటం కొట్టుకుంటున్న చప్పుడు కూడా పైదాకా వస్తోంది. కరెంటు పోయిన సంగతి ఆ పిల్లలకి తెలియనే లేదు. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. పిల్లలు హాయిగా ఉన్నారని సంతోషించాల్సిన సమయమే, కొంచెం సంతోషించాడు కూడా. మిగతాదంతా ఇరవై ఏళ్ళు తనని పిలిచిన ఆ కేక కోసం బెంగ.

పెద్దమేడం మెట్లెక్కి వచ్చింది. చేతిలో అట్ట, అట్ట మీద పని పూర్తయినట్టు రాసిచ్చే కాగితం. మొహం వెలిగిపోతోంది.

"కరెంటు పోయిందిట! నాకు ప్రెస్సువాళ్ళు చెప్తేగానీ తెలీలేదు," అంది. మరదలి మాటే. తర్వాత కళ్ళజోడు సర్దుకుని కాగితం చూసింది. "అన్నీ నింపారు గానీ ఇంజనీరు గారూ, ఇక్కడ ఒకటి వదిలేశారే. 'నీడ పరిశీలించినవారు' అని ఉంది. ఎవరు చూశారు?"

తోడల్లుడు నల్లచేతులు దూరంగా పట్టుకుని నిలబడ్డాడు. "అది మేడం... అన్నయ్య..."

"నేను కాదండీ," అన్నాడు కరెంటాయన.

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"చలికాలంలో ఆ ట్యాంకు నీడ ఇక్కడికొస్తుంది. నాకు తెలుసు. ఇతను నన్ను అడిగాడు. పడదని చెప్పాను. మరిచిపోయి కాదండీ, తెలిసే చెప్పాను. ఇతను ముందే కనిపెట్టి పలకల్ని విడదీశాడు కాబట్టి సరిపోయింది."

"తెలిసి ఎందుకయ్యా అలా చెప్పావు?" అంది పెద్దమేడం.

"కుళ్ళండీ," అన్నాడు. ఇంతకంటే మర్యాదైన మాట కోసం చూశాడు, దొరకలేదు. "ఇతనంటే నాకు కుళ్ళు."

తోడల్లుడు నేలకేసి చూశాడు. పెద్దమేడం కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"ఆ మాట నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు," అంది చివరికి. "అయినా చెప్పాక, మేడ తాళం నీ దగ్గరుంచడం బాగుండదు. ఆయనకిచ్చెయ్యి."

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కరెంటాయన మొలలోంచి గుత్తి తీశాడు. తాళంచెవి రింగులోంచి అంత తేలిగ్గా ఊడి రాలేదు. గోరు విరిగింది. తోడల్లుడి చేతులు జిగురుగా ఉన్నాయి కాబట్టి అతని చొక్కా జేబులో తనే వేశాడు.

"అన్నయ్యా, నేను..."

"ఊరుకో."

పెద్దమేడం కాగితం ముందుకు చాపింది. తోడల్లుడు తన చేతులు చూపించాడు. ముట్టుకుంటే కాగితమంతా నలుపే.

"ఇటివ్వండి. నేను రాస్తాను," అన్నాడు కరెంటాయన.

అట్టని పిట్టగోడ మీద ఆనించి, పెన్ను విదిలించి, ఖాళీగా ఉన్న గీత దగ్గర తోడల్లుడి పేరు రాయబోయాడు. ముందు ఇంటిపేరు రాయాలి. పెన్ను అక్కడే ఆగిపోయింది. పదహారేళ్ళ చుట్టరికం. వీడి పెళ్ళిలో పక్కన నిలబడి ఫొటో దిగాడు. వీడి సంపాదనెంతో తెలుసు, వీడి ఇంటిమీద ఎన్ని పలకలున్నాయో తెలుసు, వీడి ఫ్రిజ్జు ఏ రంగో తెలుసు. ఎంత ఆలోచించినా ఇంటిపేరు మాత్రం రాలేదు. ఎన్నడూ అడిగిందే లేదు.

పెద్దమేడం చూస్తోంది. కింద పిల్లలు ఎక్కం చదువుతూనే ఉన్నారు.

"నీ ఇంటిపేరేంటి?" అన్నాడు కరెంటాయన, తల ఎత్తకుండా.

తోడల్లుడు చెప్పాడు.

ఒక్కొక్క అక్షరమే రాసుకుంటూ వెళ్ళి, మూడో దాని దగ్గర మళ్ళీ ఆగాడు.

"దీనికి కింద ఒత్తుందా?"

"ఉందన్నయ్యా."

కరెంటాయన ఒత్తు పెట్టాడు.